బాషా గారి తొట్టిలో బాప్తిస్మం

ఒక్క ఆదివారం పొద్దున, గంటలోపల, పది మంది విశ్వాసులనూ వాళ్లకు బాప్తిస్మమిచ్చే పాస్టరు గారినీ కలిపి ఏడిపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. కొట్టలేదు, తిట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. అయినా ఏడిపించాను. అప్పటికి నేను బియస్సీ పట్టభద్రుణ్ణి కూడానూ. రసాయనశాస్త్రమంటే నాకు ప్రాణం. ప్రాణం కాకపోతే ఆ ఒక్క పరీక్షా మూడుసార్లు ఎందుకు రాస్తాను చెప్పండి?

ఇది ఎనభైల్లో మాట. సత్తెనపల్లికి నాలుగు మైళ్ల అవతల మా ఊరు. ఎటు చూసినా పత్తి, కాకపోతే మిరప. ఆ మిరపకాయలు కొని గుంటూరు యార్డుకు పంపే వ్యాపారి బాషా గారు. ఆయన ఒకసారి మద్రాసు వెళ్లి, ఏదో పెద్ద హోటల్లో దిగి, కిటికీలోంచి స్విమ్మింగ్ పూల్ చూశారు. తిరిగొచ్చిన వారానికే మేస్త్రీని పిలిచి ఇంటి వెనక నిమ్మచెట్ల పక్కన తవ్వించడం మొదలుపెట్టారు. మేస్త్రీ అప్పటిదాకా గేదెలకు కుడితి తొట్లు తప్ప నీళ్లు నిలిచేదేదీ కట్టి ఎరగడు. అయినా ధైర్యంగా కట్టాడు. ముప్పై అడుగుల పొడవు, పదిహేనడుగుల వెడల్పు. ఒక కొసన నడుము లోతు, రెండో కొసన మనిషి లోతు. కింద నున్నటి గచ్చు, గోడలకు నీలం రంగు. దిగడానికి మెట్లు పెట్టాడు గాని, నీళ్లు బయటికి పోవడానికి తూము పెట్టడం మరిచిపోయాడు. ఊరంతా దాన్ని బాషా గారి తొట్టి అనేది.

బాషా గారికి ఈత రాదు. సాయంత్రం పూట గట్టున కుర్చీ వేసుకుని, పాదాలు నీళ్లలో పెట్టి టీ తాగేవారు. పదిహేను రోజులు అలా తాగారు. పదహారో రోజున ఆయన పాదం మీదికి ఒక కప్ప ఎక్కి కూర్చుంది. అప్పటికి నీళ్లు ఆకుపచ్చగా తిరిగాయి. పనీ పాటా లేకుండా ఊళ్లో తిరుగుతున్న నాకు కబురొచ్చింది.

"ఏరా దాసూ, సైన్సు చదివావంట కదా. ఈ నీళ్ల సంగతేంటో చూడరాదూ?"

"చూస్తానండీ. కెమిస్ట్రీ దృష్టితో చూస్తే ఇది చాలా చిన్న విషయమండీ."

"ఏ దృష్టితో చూసినా సరే, కప్పలు మాత్రం కనపడకూడదు."

అలా నేను మా తాలూకాలోనే మొట్టమొదటి స్విమ్మింగ్ పూల్ ఇన్‌ఛార్జినయ్యాను. రెండో వాడెవడైనా ఉన్నాడేమో నాకు తెలియదు. పొద్దున్నే వెదురు గడకు పాత దోమతెర కట్టి నిమ్మాకులు దేవేవాణ్ణి. బకెట్లో బ్లీచింగ్ పొడి కలిపి నాలుగు మూలలా చల్లేవాణ్ణి. కొబ్బరి పీచుతో గోడల పాచి గీకేవాణ్ణి. సాయంత్రం పూట పెద్ద పటిక గడ్డను తాడుకు కట్టి, గట్టు చుట్టూ నడుస్తూ నీళ్లలో ఈడ్చేవాణ్ణి. దారిన పోయేవాళ్లు చూసి, పాపం బియస్సీ చదివి ఇలా అయిపోయాడని జాలిపడేవాళ్లు. ఒకరోజు నేను అన్నానికి వెళ్లొచ్చేసరికి ఎవరిదో గేదె మెట్ల మీదుగా దిగి, మెడదాకా మునిగి, కళ్లు మూసుకుని ఉంది. ఆ పూల్‌ను అసలు దేనికి కట్టారో దానికి వాడుకున్న ప్రాణి అప్పటికి అదొక్కటే.

ఇక అసలు విషయానికొస్తాను. మా చర్చి పాస్టరు యోహాను గారు. అందరమూ అయ్యగారు అంటాం. ఆయన కూతురు సుగుణ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆ అమ్మాయిని తప్ప ఇంకెవరినీ చేసుకోనని నేను మా ఇంట్లో భీష్మించుకుని కూర్చున్నాను. ఇంకెవరూ ఇస్తామని రాలేదనుకోండి, అది వేరే సంగతి. చివరికి మా నాన్న తలకు కాస్త నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని అడగడానికి వెళ్లాడు.

అయ్యగారు అంతా విన్నారు. "అబ్బాయి మంచివాడే. కాదనను. కాని ఒక్క పనైనా మొదలుపెట్టి చివరిదాకా సరిగ్గా చెయ్యగా నేను చూళ్లేదు. టైపు సగంలో మానేశాడు. హార్మోనియం సగంలో మానేశాడు. సండే స్కూల్లో కథ మొదలుపెట్టి, ఇప్పుడే వస్తానని పిల్లలకు చెప్పి ఇంటికెళ్లిపోయాడు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్క పని పూర్తిగా చేసి చూపించమనండి. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ ఏప్రిల్లో కాలువకు నీళ్లు ఆపేశారు. మా సంఘంలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషి నిండా మునగాలి. ఏటా కాలువలోనే ఇచ్చేవారు. ఈసారి కాలువలో మోకాలు తడవడానిక్కూడా నీళ్లు లేవు. పదకొండు మంది తెల్లబట్టలు కుట్టించుకుని సిద్ధంగా ఉన్నారు. అయ్యగారు ఆలోచించి ఆలోచించి బాషా గారింటికి వచ్చారు. నేను అక్కడే గడ పట్టుకుని ఉన్నాను.

"దానికేం అయ్యగారూ! దేవుడి పని, వాడుకోండి. నీళ్ల సంగతంతా మా దాసు చూసుకుంటాడు" అన్నారు బాషా గారు.

"దాసా?" అన్నారు అయ్యగారు. ఆ రెండక్షరాల్లో నా టైపూ, నా హార్మోనియమూ అన్నీ వినపడ్డాయి.

"నేను చూసుకుంటా అయ్యగారూ! ఈ ఆదివారం కాక పై ఆదివారం ఆ నీళ్లలో మీరు మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు."

"నాకు తల దువ్వుకునే పని లేదు గాని, చూద్దాం" అని ఆయన బట్టతల తడుముకుంటూ వెళ్లిపోయారు.

నా బతుక్కి ఇదే పరీక్ష అని నాకు అర్థమైంది. ఈ పరీక్ష మూడుసార్లు రాయనివ్వరని కూడా అర్థమైంది. శనివారం ఆయిలింజను పెట్టించి నీళ్లన్నీ నిమ్మచెట్లకు తోడించాను. ఆదివారం చర్చి అయిపోగానే తొట్టిలోకి దిగాను. సోమవారం సాయంత్రానికి గచ్చు, గోడలు, మూలలు, మెట్లు అన్నీ గీకి, తోమి, కడిగి పారేశాను. అబద్ధమెందుకు, ఆ గచ్చు మీద అన్నం పెట్టుకుని తినవచ్చు. మోటారుతో నింపడానికి రెండు రోజులు చాలు. శుక్రవారం మొదలుపెడితే సరిపోతుంది. నేను అక్కడ ఆగి ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

సోమవారం రాత్రి వాన పడింది. ఏప్రిల్ వాన, అడగని వాన. మంగళవారం పొద్దున్నే మా నాన్న కళ్లంలో తలపట్టుకుని కూర్చున్నాడు. మా మిరపకాయలన్నీ అక్కడే ఆరబోసి ఉన్నాయి. పైన పట్టా కప్పాడు కాబట్టి కాయ తడవలేదు గాని, కింద మట్టి నేల చెమ్మ పట్టేసింది.

"ఈ నేల ఆరేసరికి వారం పడుద్దిరా. ఈలోపు కాయంతా తెల్లబడి తాలైపోద్ది. తాలుకాయ ఎవడు కొంటాడు?" అన్నాడు.

అప్పుడు నా మెదడు పని చేసింది. అది ఏడాదికి ఒకసారే పని చేస్తుంది, ఆ ఒక్కసారీ చెయ్యకుండా ఉంటే బాగుండును. "నాన్నా! గచ్చు నేల కావాలి, ఎండ బాగా తగలాలి, మేకలు రాకూడదు, గాలికి దుమ్ము పడకూడదు. అంతేనా?"

"అంతే. అలాంటి కళ్లం ఈ జిల్లాలో యాడుందిరా?"

"ఉంది, రా."

బాషా గారు సీజను కాబట్టి వారమంతా గుంటూరులోనే ఉన్నారు. మేము లోతు కొసన నిలిచిన వాననీళ్లు బకెట్లతో ఎత్తిపోసి, గచ్చు తుడిచి, బండి కట్టుకుని మిరపకాయలన్నీ తెచ్చి పూల్లో ఆరబోశాం. ఆ నీలం గోడల మధ్య ఎర్రటి కాయలు పరుచుకుని ఉంటే కన్నులపండుగగా ఉంది. మంగళ, బుధ, గురువారాలు మూడు రోజులు బ్రహ్మాండమైన ఎండ కాసింది. పూటకోసారి మా నాన్నా నేనూ కాయలు తిరగబడేట్టు కాళ్లతో కలదొక్కుతూ తిరిగాం. గురువారం సాయంత్రానికి కాయలు గలగలమన్నాయి. మా నాన్న ఒక కాయ తుంచి, గింజలు అరచేతిలో రాల్చి చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను "మా నాయనే" అన్నాడు. బస్తాలకెత్తి ఇంటికి తోలేశాం. నేను చీపురు పెట్టి శుభ్రంగా ఊడ్చాను. ఊడుస్తూ ఒక నలభై తుమ్ములు తుమ్మాను.

కడగలేదా అని మీరడుగుతారు. సోమవారమే కదా కడిగాను. కడిగిన గచ్చును మళ్లీ కడగడమేమిటని నా శాస్త్రీయమైన వాదన. శుక్రవారం పొద్దున్నే కరెంటు రాగానే మోటారు వేసేశాను.

శనివారం సాయంత్రానికి తొట్టి నిండింది. పైన ఏదో ఎర్రటి తెట్టు సన్నగా తేలితే దోమతెరతో తీసేశాను. ఎప్పటికంటే రెండింతలు బ్లీచింగ్ చల్లాను. పటిక గడ్డ కట్టుకుని గట్టు చుట్టూ పాతిక ప్రదక్షిణలు చేశాను. మడ్డంతా అడుక్కి దిగి నీళ్లు తేటపడ్డాయి. అప్పుడే అయ్యగారి భార్యా సుగుణా మర్నాటికి గట్టు ఊడ్చి ముగ్గు వేయడానికి వచ్చారు. సుగుణ మెట్టు మీద కూర్చుని దోసెడు నీళ్లు తీసుకుని మొహం కడుక్కుంది. కడుక్కుని అలాగే కూర్చుండిపోయింది.

"మండుతుందండీ" అంది.

"అది బ్లీచింగండీ. మండిందంటే క్రిములు చచ్చాయని అర్థం."

"క్రిములు చస్తే వాటికి మండాలి గాని, నాకెందుకు మండాలి?"

దీనికి సమాధానం మూడుసార్లు చదివిన పుస్తకంలో ఎక్కడా లేదు. అనుమానం తీర్చుకుందామని మా నాన్నను పిలిచాను. ఆయన మోచేతిదాకా నీళ్లలో ముంచి, కాసేపుంచి, "ఏం లేదురా, చల్లగా ఉన్నాయి" అన్నాడు. నేనూ ముంచాను. నిజమే, చల్లగా ఉన్నాయి. మా ఇద్దరి చేతులకూ మిరపకాయ మంట తెలియడం మానేసి ఏళ్లు గడిచాయన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

"సరే, మీరు సైన్సు చదివారు" అంది సుగుణ, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ఆ మాట ఆమె ఇప్పటికీ అంటుంది. ఇప్పటికీ అదే గొంతుతో అంటుంది.

ఆదివారం పొద్దున గట్టంతా జనం. నిన్న రాత్రి గుంటూరు నుంచి వచ్చిన బాషా గారు ఒక పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను ఉతికిన చొక్కా తొడుక్కుని, పాట పుస్తకం పట్టుకుని, పెళ్లికొడుకులా నిలబడ్డాను. అయ్యగారు తెల్లబట్టలతో నడుము లోతులోకి దిగి, నీళ్లలోకి చూసి, నా వైపు తిరిగి తల ఊపారు. ఆ తల ఊపుడుతో నా పెళ్లి సగం అయిపోయిందనుకున్నాను.

మొదట దిగింది మరియమ్మవ్వ. అరవై ఏళ్ల మనిషి, అందులో యాభై ఏళ్లు మిరపకాయలు కోసింది. మునిగి లేచి, రెండుసార్లు రెప్పలు కొట్టుకుని, "బాగుంది" అని మెట్లెక్కింది. కాని అవ్వ దిగినప్పుడూ ఎక్కినప్పుడూ అడుగున కుదురుకున్న మడ్డి కాస్త కదిలింది. రెండో మనిషి టైలరు సుందరం. మునిగి లేచీ లేవగానే రెండు చేతులతో మొహం కప్పుకుని "అయ్యో ప్రభువా! అయ్యో ప్రభువా!" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"స్తోత్రం!" అని అరిచారు సంఘపెద్ద యాకోబు గారు. "కరిగిపోయాడు! సుందరం హృదయం కరిగిపోయింది!"

మూడో మనిషి ఇంకా గట్టిగా ఏడ్చాడు. తర్వాత దిగిన అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు కావలించుకుని శోకాలు పెట్టారు. గట్టు మీది ఆడవాళ్లు వాళ్లను చూసి కళ్లొత్తుకున్నారు. యాకోబు గారు గద్గదస్వరంతో "నా జన్మలో ఇంత పశ్చాత్తాపం చూళ్లేదు" అన్నారు. నాకూ ఆనందబాష్పాలు వచ్చాయి. ఇదంతా నేను పెట్టిన నీళ్ల మహిమే కదా అనుకున్నాను. ఆ మాట నిజమే.

ఆరో మనిషి యేసుపాదం, పాతికేళ్ల కుర్రాడు. వాడు లేచి ఏడవలేదు. ఒక్క గెంతులో గట్టెక్కి నిమ్మచెట్ల చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టాడు. "ఆత్మ పూనింది!" అన్నారెవరో. "ఆత్మ కాదు, మంట! మంటరా నాయనోయ్!" అని అరిచాడు యేసుపాదం, రెండో చుట్టులో.

అప్పుడు అందరమూ అయ్యగారి వైపు చూశాం. పాపం, మిగిలినవాళ్లు ఒక్క మునకే మునిగారు. ఆయన అరగంట నుంచి నడుము లోతులో నిలబడి ఉన్నారు. మొదటి మనిషికి ఐదు నిమిషాలు ప్రార్థన చేశారు, నాలుగో మనిషికి రెండు నిమిషాలు, ఆరో మనిషి దగ్గరికొచ్చేసరికి పేరు చెప్పి ఆమేన్ అనేస్తున్నారు. గొంతు పైస్థాయికి పోయింది. మొహం చెమర్చింది. ఒంటికాలి మీద మారి మారి నిలబడుతున్నారు. అయినా బయటికి రాలేదు. వెనకడుగు వేస్తే విశ్వాసం చాలదంటారని మిగిలిన ఐదుగురూ కళ్లు బిగించుకుని దిగారు. పదకొండో మనిషిని ముంచి లేపి, అప్పుడు మెట్లెక్కారు. ఎక్కడం మామూలుగానే ఎక్కారు, పై మెట్టు నుంచి మాత్రం పరుగందుకున్నారు.

గట్టు మీద గుసగుసలు బయల్దేరాయి. "నీళ్లలో ఏదో మందు కలిపారు." "ఇదేమన్నా మన తొట్టా, ఆ సాయిబు గారు ఏం పోయించారో ఏమో." ఒక్కొక్కరే బాషా గారి వైపు చూడటం మొదలుపెట్టారు. ఆయన కుర్చీలోంచి లేచి మెల్లగా మెట్ల దగ్గరికొచ్చి, దోసెడు నీళ్లు తీసి వాసన చూశారు. మెట్టుకు అంటుకున్న గింజ ఒకటి గోటితో తీసి, వేళ్ల మధ్య నలిపారు. తర్వాత నా పక్కకొచ్చి, నాకొక్కడికే వినపడేట్టు అడిగారు.

"దాసూ, ఇది మూడెండలు ఎండిన కాయ. ఈ సరుకు నిన్న రాత్రి ఊళ్లో దిగగానే మీ నాన్న దగ్గర కొన్నాను. ఇసుక రేణువన్నది లేదు, మంచి గచ్చు మీద ఎండిందని మెచ్చుకున్నాను కూడా. ఏ గచ్చురా అది?"

మిగతా జనానికి ఇంకా ఏమీ తెలియదు. తప్పు బ్లీచింగ్ మీదికి తోసెయ్యవచ్చు. నోరు మూసుకుంటే చాలు, బాషా గారి మీదికే పోతుంది. ఎదురుగా సుగుణ నన్నే చూస్తోంది. నిజం చెబితే ఆ అమ్మాయి నాకు దక్కదని తెలుసు. కాని తన పెరడు ఇచ్చి కూర్చున్న ఆ పెద్దమనిషి అలా నిందపడుతూ ఉంటే చూడలేకపోయాను.

"అందరూ వినండి!" అని అరిచాను. "బాషా గారి తప్పేం లేదు. ఇందులో మా మిరపకాయలు ఆరబోసింది నేను. కడక్కుండా నీళ్లు పెట్టింది కూడా నేనే!"

యేసుపాదం పరుగు ఆపి, నా వైపు రావడం మొదలుపెట్టాడు. బాషా గారి భార్య ఇంట్లోంచి మజ్జిగ కుండలు తెచ్చి పెట్టకపోతే నా కథ అక్కడే ముగిసేది. ఊళ్లో పాడి ఉన్న ప్రతి ఇంటి నుంచీ మజ్జిగ వచ్చింది. అందరూ మొహాలకు పోసుకున్నారు, కళ్లకు తడిగుడ్డలు వేసుకున్నారు. అయ్యగారిని మాత్రం దొడ్లో తడిక చాటున పెద్ద గంగాళంలో మజ్జిగ పోసి కూర్చోబెట్టారు. నేను వెళ్లి తడిక ఇవతల తల వంచుకుని నిలబడ్డాను.

"దాసూ" అన్నారు లోపలి నుంచి.

"అయ్యగారూ."

"నరకం గురించి ముప్పయ్యేళ్లుగా చెబుతున్నాను. నాకే ఇంత బాగా ఎప్పుడూ అర్థం కాలేదు."

"క్షమించండయ్యగారూ."

"క్షమించాను, అది నా ఉద్యోగం. మా అమ్మాయి సంగతి మాత్రం మర్చిపో."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే వెళ్లి ఇంజను పెట్టి నీళ్లు తోడించాను. ఎవరూ చెయ్యమనలేదు, ఊరికే కూర్చుంటే ఏడుపొస్తోంది. కుంకుడురసంతో ఒకసారి, బూడిదతో ఒకసారి, మళ్లీ కుంకుడురసంతో ఒకసారి తోమాను. రెండో రోజు మధ్యాహ్నం తల ఎత్తి చూస్తే అయ్యగారు గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చుని ఉన్నారు. మూడో రోజూ వచ్చారు, నాలుగో రోజూ వచ్చారు. నేను ఒక్కో గింజా ఏరుతున్నాను, ఆయన చూస్తున్నారు. వారం చివరికి తొట్టి మళ్లీ నిండింది.

"దిగు" అన్నారు. దిగాను.

"మునుగు. కళ్లు తెరువు." నీళ్లలోపల కళ్లు తెరిచాను. తేటగా ఉన్నాయి, కొంచెం కుంకుడు వాసన, అంతే.

"నోట్లో పోసుకో. ఏముంది?"

"ఏం లేదండి. ఉత్త నీళ్లేనండి."

అయ్యగారు గొడుగు ముడిచారు. "పని పూర్తయిందన్నమాట. నువ్వొక పని పూర్తి చేస్తే చూడాలనుకున్నాను, చూశాను. కాని అది కాదు దాసూ. ఆ రోజు అందరూ సాయిబు గారి వైపు చూస్తుంటే నీ నోరు పెగలకపోయుంటే, ఈ తొట్టి నువ్వు వందసార్లు తోమినా మా గుమ్మం తొక్కనిచ్చేవాణ్ణి కాదు. రేపు మీ నాన్నను రమ్మను." నేను నీళ్లలోనే నిలబడి ఏడ్చాను. ఈసారి నీళ్ల తప్పేమీ లేదు.

మర్నాడు మా నాన్న వెళ్లాడు. అయ్యగారు సుగుణను పిలిచి, ఇష్టమేనా అని అడిగారు. "ఇష్టమే నాన్నా, కాని ఒక మాట. ఇంట్లో కారం నేను కొట్టించుకుంటాను, నీళ్లు నేను పట్టుకుంటాను. ఆయన ఆ రెండిట్లో వేలు పెట్టకూడదు" అంది. ఆ షరతుకు మా నాన్న నన్ను అడక్కుండానే ఒప్పుకుని వచ్చాడు.

కాబట్టి, ఈ కథ చదివిన మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ ఒంట్లో ఊపిరుండగా మనుషులు మునిగే చోట మిరపకాయలు ఆరబోయను. గచ్చు ఎంత నున్నగా ఉన్నా ఆరబోయను. ఎండ ఎంత బాగా కాసినా ఆరబోయను. ఉన్నట్టుండి మబ్బు పట్టి, కళ్లంలో కాయ ఉండి, పక్కనే ఖాళీ తొట్టి ఉన్నా సరే ఆరబోయను. మబ్బు మరీ నల్లగా ఉంటే మాత్రం, ముందు సుగుణను అడుగుతాను.